బాబు మియా బండ్ల పిలగాండ్లు కక్కరు

మీరు ఎప్పుడన్న లక్సెట్టిపేట దిక్కు వస్తె బాబు మియాను కలవకుంట పోవద్దు. బస్సు దిగి, ఒక చాయ తాగి, వచ్చిన తొవ్వనే పోదమనుకుంటరు చూడుండ్రి, అట్ల అస్సలు పోవద్దు. బస్టాండ్ ఎదురుంగ కిరాయి బండ్ల అడ్డ ఉంటది. అక్కడ నాలుగైదు బండ్లు ఎండల వరుసగ నిలబడి ఉంటయి. అండ్ల తెల్ల ఎర్టిగా ముందర, గడ్డానికి మెహందీ పెట్టుకొని, తడి గుడ్డతోని అద్దం తుడుసుకుంట ఒక బక్క మనిషి కనబడుతడు. ఆయననే బాబు మియా. అరవై దాటినయి. ముప్పై రెండేండ్ల సంది తోలుతనే ఉన్నడు. మొదలు జీపు, తర్వాత ఒక పాత టవేరా, ఇప్పుడు ఇది.

అడ్డ మీద గంత మంది డ్రైవర్లుంటే ఈయననే ఎందుకు కలవాలె అంటరా? ఈయన బండ్ల పిలగాండ్లు కక్కరు.

గంతేనా అని నవ్వకుండ్రి. మంచిర్యాల నుంచి ఆసిఫాబాద్ మీదికెల్లి జైనూర్ పోవాలంటె కెరమెరి ఘాట్ ఎక్కాలె. ఆ మలుపుల మీద పెద్దోళ్లే తలకాయ కిటికీల పెట్టి కూసుంటరు. ఇగ చిన్నపిల్లలున్నోళ్లయితె ప్లాస్టిక్ కవర్లు, పాత చీర ముక్కలు, వాసన చూసెతందుకు నిమ్మకాయ, అంగి లోపల కడుపు మీద పెట్టెతందుకు పేపరు, ఇవన్ని సదురుకొని ఏదో యుద్ధానికి పోయినట్టు బయలెల్లుతరు. బాబు మియా బండ్ల కవర్ ఉండది. "కవర్ చూస్తెనే పిలగానికి కక్కుడు యాదికొస్తది" అంటడు.

ఆయన పని బండి చాలు చేసినంక మొదలు కాదు. ముందటి రోజు ఫోన్ల మొదలైతది.

"అమ్మా, పిలగానికి ఎన్నేండ్లు?"

"ఐదు నడుస్తున్నయి అన్నా."

"పొద్దుగాల ఏం పెడుతుండ్రు?"

"పూరీలు చేస్తున్న. తొవ్వల ఆకలైతది గదా."

"పూరీలు మీరు తినుండ్రి. వానికి ఒక ఇడ్లీ పెట్టుండ్రి, లేకుంటె రొట్టె ముక్క. నిండ కడుపుతోని తేవద్దు, ఒట్టి కడుపుతోని గూడ తేవద్దు. పాలు బందు. పూలు పెట్టుకుంటె దండ డిక్కీల పెడుత, ఏమనుకోవద్దు. ఫోన్ల బొమ్మలు చూపియ్యద్దు. సెంటు కొట్టుకోవద్దు."

"గిన్ని రూల్సా అన్నా? పోయేది దావత్‌కు!"

"దావత్ కాడ ఉతికిన అంగితోనే దిగుతడు మీ కొడుకు. అదే నా గ్యారంటీ."

అడ్డ మీద మల్లేష్ అని ఇంకో డ్రైవర్ ఉంటడు, బాబు మియా పక్కనే బండి పెడుతడు. ఆయన ఈ ఫోన్ మాటలు ఇని ఇని యాష్టకొచ్చి, "ఈ మియాది డ్రైవర్ లైసెన్స్ కాదు, పిల్లలను సాకే దాయమ్మ లైసెన్స్" అంటడు.

అసలు గుట్టు మాత్రం డాష్‌బోర్డు కింద ఉంటది. అదొక పెయింట్ బకెట్ మూత. తెల్లటి గుండ్రటి మూత, రాసిన అక్షరాలన్ని ఎప్పుడో పోయినయి, అంచుల పొంటి చిన్న చిన్న చేతుల మరకలు. పిలగాన్ని నడిమి వరుసల నడిమిట్ల కూసోబెట్టి, కింద బొంత మడతేసి ఎత్తు చేసి, బెల్టు పెట్టి, చేతుల ఈ మూత పెడుతడు. "తీసుకో బేటా, స్టీరింగ్. ఈ బండికి ఇద్దరు డ్రైవర్లు. నేను ఎటు తిప్పితె నువ్వు అటు తిప్పాలె. మలుపు ముందుగల ఎవలు చూస్తె వాళ్లు చెప్పాలె." ఇగ ఆ పిలగాడు రోడ్డు మీదికెల్లి కన్ను తియ్యడు. "ఎడమా!" అని వాడు ఒర్రుతడు, "ఎడమకే సార్!" అని ఈయన మెల్లగ తిప్పుతడు. అట్లనే ఘాట్ దాటిపోతది.

ఇది ఆయనకు ఏ డాక్టర్ చెప్పలే. బిడ్డ యాస్మీన్ నేర్పింది. జీపు తోలే రోజులల్ల ఆమెకు నాలుగేండ్లు. ఉట్నూర్ల మేనత్త ఇంటికి పోయినప్పుడల్ల కక్కేది. ఈయన తిట్టేటోడు. ఓపారి ఆ పిల్ల ఇంటికాడ సున్నం బకెట్ మూత పట్టుకొనే జీపెక్కింది. నాయిన చేసినట్టు చేసుకుంట కూసున్నది. ఆ దినం కక్కలే. తర్వాతపారి మూత గుంజుకున్నడు, కక్కింది. మల్ల ఇచ్చిండు, కక్కలే. నాలుగుపార్లు అయినంక ఈయనకు సమజైంది. "స్టీరింగ్ పట్టినోడు ఎన్నడన్న కక్కంగ చూసిండ్రా? మలుపు వస్తదని వాని కన్నుకు ముందే ఎరుక, కడుపుకు ముందే ఎరుక. వెనుక కూసున్నోనికే ఏం ఎరుకుండది." ఇదీ ఆయన లెక్క. యాస్మీన్‌కు ఇప్పుడు ఇద్దరు పిల్లలు. మూతలు మారినయి గని లెక్క మారలే.

మొన్న మార్చిల ఒక ఆదివారం ఈ మూతతోనే ఆయన పరేషాన్ల పడ్డడు.

ఊర్లె రామకిషన్‌రావు ఇల్లంటె అందరికి తెలుసు. పొలాలున్నోళ్లు, రైస్‌మిల్లున్నోళ్లు. యాడికి పోయినా బాబు మియా బండే, ఇరవై ఏండ్ల సంది. రావు సాబ్ భార్య సరళాదేవి. ఒక్క కొడుకు అమిత్, శ్రీరాంపూర్ గనిల ఇంజనీరు. కోడలు మధులిక అక్కడనే స్కూల్ల టీచరు. వాళ్ల కొడుకు చింటూ, నాలుగేండ్లోడు. సరళాదేవి తమ్ముని కొడుకు జైనూర్ల ఎరువుల దుకాణం పెట్టుకొని ఇల్లు కట్టిండు, ఇంట్లకు పోయే దావత్ ఉన్నది. చింటూ శనివారం నానమ్మ కాడనే పండుకున్నడు. పొద్దుగాల ముగ్గురిని లక్సెట్టిపేటల ఎక్కిచ్చుకొని, శ్రీరాంపూర్ల అమిత్‌ను, మధులికను ఎక్కిచ్చుకొని, ఆసిఫాబాద్ మీదికెల్లి జైనూర్ పోవాలె. ఇదీ ప్రోగ్రాం.

ఏడుకు పది నిమిషాలు తక్కువుంది. రావు సాబ్ ఇల్లంత కండ్లద్దాలు దేవులాడుతుండు. "ఇక్కడనే పెట్టిన, ఈ ఇంట్ల వస్తువు వస్తువు తీరు ఉండది" అని కేకలు. బాబు మియా టిఫిన్ డబ్బా తీసుకపోదమని వంటింటి తలుపుకాడికి పోయిండు. అక్కడ చింటూ గట్టు మీద కూసున్నడు, సరళాదేవి వాని నోట్ల చెంచ పెడుతుంది. పక్కకు గులాబి రంగు మందు సీస.

"ఏందమ్మా అది?"

ఆమె ఉలిక్కిపడ్డది. "నువ్వా! కక్కకుంట పోసే మందే. మెడికల్ షాపోడు ఇచ్చిండు. ఘాట్ ఉన్నది గదా."

"నా బండ్ల మందెందుకమ్మా?"

"నీ మూత నీది బాబు మియా, నా భయం నాది." సీస కొంగు కింద దాసింది. "మధులికకు చెప్పకు."

"నేనెందుకు చెప్త?"

"చెప్పకు అంటున్న. పోయిన నెల వీనికి కడుపునొస్తె వాము కషాయం పోసిన. జర వేడి ఎక్కువైంది, నాలికె పొక్కింది. గప్పుడు ఏమన్నదో ఎరుకేనా? 'అత్తమ్మా, ఇంకోపారి నాకు చెప్పకుంట వాని నోట్ల ఏమన్న పోసిండ్రంటె ఎండకాలం సెలవులకు వీడు మీ ఇంట్ల ఉండడు, కరీంనగర్ల మా అమ్మకాడ ఉంటడు' అన్నది. అన్నదంటె చేస్తది. ఏడాదికి ఆ నెలన్నరనే గదా వాడు నాకు చేతినిండ దొరుకుడు."

"నాకేం తెల్వదమ్మా. నేను డబ్బా కోసం వచ్చిన."

"మాటియ్యి."

"ఇచ్చిన."

మాట ఇచ్చుడైతె ఇచ్చిండు గని ఎంత పోసినవని అడుగలే. ఎన్ని చెంచలు, ఏ చెంచ, అదిగూడ చూడలే. అడుగుడు ఆయన పని కాదనుకున్నడు. అక్కడనే ఆయన తప్పు చేసిండు, తర్వాత ఆయననే ఒప్పుకున్నడు.

కండ్లద్దాలు ఫ్రిజ్ మీద దొరికినయి. రావు సాబ్ వచ్చి ముందు సీట్ల కూసున్నడు. ముందు సీటు పెద్దమనిషిది, ఆ ఇంట్ల అది పుట్టినకాడి సంది రూలు. నోట్ల కిమాం పాన్.

"సాబ్, ఆ పాన్ ఊంచుండ్రి. ఆ వాసనకు పిలగాని కడుపు తిప్పుతది."

"నా ఊర్ల నాకే ఆర్డరా?"

"ఊరు మీదే సాబ్. బండి నాది."

రావు సాబ్ నవ్విండు, ఊంచిండు. "ఇగ చాలా?"

"సీటు జర కిందికి దింపుత. మీ తలకాయకు చిన్న డ్రైవర్‌కు రోడ్డు కనబడుతలేదు."

"చూసినవా సరళా, నన్ను వడ్ల బస్త లెక్క కిందికి జరుపుతుండు." ఎనుక వరుసల సంచుల నడుమ కూసున్న సరళాదేవి నవ్వలే. చింటూ మూత పట్టుకొని "హారన్ యాడుంది మియా తాతా?" అన్నడు. "హారన్ మీ నోట్లనే ఉంది సార్." పీప్ పీప్ అన్నడు వాడు, బండి కదిలింది.

శ్రీరాంపూర్ దాక ఏం పంచాది లే. వాడు తిప్పుతుండు, ఒర్రుతుండు. అమిత్, మధులిక ఎక్కిండ్రు, చింటూకు ఆ పక్క ఒకలు ఈ పక్క ఒకలు. బండి ఇంక మెయిన్ రోడ్డు ఎక్కకముందే మధులిక అడిగింది, "అత్తమ్మా, వీడు పొద్దుగాల ఏం తిన్నడు?"

"ఒక ఇడ్లీ."

"ఇంకేం?"

"ఇంకేం లే."

"అయితె మందు పోస్త" అని హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. తీసిన సీస గులాబి రంగుది. అదే మందు, ఇంకో సీస. ఇంకా మూత గూడ తియ్యలే, కొత్తది.

బాబు మియా నడిమి అద్దంల చూసిండు. ఆ అద్దంల ఎనుక వరుస సాఫ్‌గ కనబడుతది. సరళాదేవి చెప్తదని చూసిండు. ఆమె కిటికీ దిక్కు మొఖం తిప్పుకున్నది. బయట బొగ్గు లారీలు తప్ప చూసెతందుకు ఏం లేదు. ఆమె ఆ లారీలనే చూస్తుంది.

"అమ్మా, జర ఆగుండ్రి" అన్నడు బాబు మియా.

"ఏంది చాచా?"

"ఘాట్ ఇంక రెండు గంటల దూరం. ఇప్పుడే పోస్తె ఘాట్ కాడికి దాని పని అయిపోతది. ఆసిఫాబాద్ల ఆపుత, అక్కడ చూద్దం. అప్పటిదాక వీడు కక్కితె నన్ను అడుగుండ్రి. నా బండి, నేనే కడుగుత."

"చాచా మీద భరోస పెట్టరాదు, చూస్తలేవా వాడు ఎంత ఖుషీగున్నడో" అన్నడు అమిత్. మధులిక సీస బ్యాగుల పెట్టుకున్నది. "సరే. ఆసిఫాబాద్ల."

అంటె గంటన్నర టైం దొరికింది. అండ్ల సరళాదేవి నోరు తెరువాలె. లేకుంటె ఆసిఫాబాద్ల ఆ పిలగాని కడుపుల రెండో మోతాదు పడుతది.

మందమర్రి దాటిండ్రు. చింటూ "కుడీ" అన్నడు, సరిగ్గనే అన్నడు. బెల్లంపల్లి కాడ "కుడీ" అన్నడు, అది మలుపు అయిపోయినంక. బాబు మియా చెవు అటే పెట్టిండు. తాండూర్ దాటినంక మూత తిప్పుడు ఆలస్యం అయితుంది. బండి తిరిగినంక రెండు సెకన్లకు వాని చేతులు తిరుగుతున్నయి. మియాకు ఈ లెక్క బాగ ఎరుక. కక్కే పిలగాడు మూత వదిలి కడుపు పట్టుకుంటడు. నిద్రచ్చే పిలగాడు మూత మీద గదమ పెడుతడు. ఇది రెండూ కాదు. వాడు కండ్లు తెరిచే ఉన్నడు, రోడ్డు దిక్కే చూస్తుండు, గని చూస్తలేడు.

"చిన్న సార్, ఎడమనా కుడినా?"

"..."

"సార్!"

"ఊ" అన్నడు చింటూ. రెబ్బెన కాడ మూత చేతులకెల్లి జారి అమిత్ చెప్పుల మీద పడ్డది.

"పండుకున్నడు" అన్నడు అమిత్. "మంచిదైంది. ఘాట్ దాక పండనియ్."

"బండ్ల ఎన్నడు పండడు వీడు" అన్నది మధులిక.

బాబు మియా అద్దంల చూసిండు. ఈపారి సరళాదేవి గూడ అద్దంలకే చూస్తుంది. కండ్లు కలిసినయి. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

ఆసిఫాబాద్‌ల చాయ హోటల్ ముందర ఆపిండు. రావు సాబ్ పాన్ కోసం దిగిండు. అమిత్‌కు గని నుంచి ఫోన్ వచ్చింది, అటు పోయిండు. మధులిక చింటూను ఒళ్లె పండబెట్టుకొని బ్యాగు తెరిచింది. "లే నాన్నా, మందు తాగి పండుకో. చింటూ! ఏందిరా, లేస్తలేవు?"

"నిద్రల పోస్తె పొలమారుతది అమ్మా" అన్నడు బాబు మియా. డోర్ తీసి వాని గదమ పట్టుకొని "సార్, స్టీరింగ్!" అన్నడు. వాడు కండ్లు సగం తెరిచి "ఊ" అని మల్ల మూసిండు. ఊపిరి సాఫ్‌గ ఆడుతుంది. ఒళ్లు సల్లగ లేదు. "మొఖం మీద జర నీళ్లు కొట్టుండ్రి. మందు మాత్రం ఇప్పుడు పొయ్యకుండ్రి, నా మాట ఇనుండ్రి. ఐదు నిమిషాలు." అని ఎనుక డోర్ తీసి, "సరళమ్మా, మీకు చక్కెర లేని చాయ చెప్పాలె గదా, రాండ్రి" అన్నడు.

హోటల్ పక్కకు, గ్యాస్ పొయ్యి చప్పుడుల, ఇద్దరు నిలబడ్డరు.

"ఏ చెంచ అమ్మా?"

"ఆఁ?"

"పొద్దుగాల వాని నోట్ల పెట్టింది ఏ చెంచ?"

"ఇంట్ల చెంచనే. ఉప్మా తినేది."

"ఎన్ని?"

ఆమె చెయ్యి వణికింది. "ఒకటిన్నర. ఘాట్ ఉన్నది గదా అని... సీస మీద ఏదో రాసి ఉంది, నాకు చిన్న అక్షరాలు కనబడయి. వాడు బాగనే ఉన్నడు గదా?"

"బాగున్నడో లేడో డాక్టర్ చెప్పాలె. డాక్టర్‌కు మీరు చెప్పాలె, ఎంత పోసిండ్రో."

"నువ్వు మాటిచ్చినవు."

"మధులికమ్మకు చెప్పనని ఇచ్చిన. పిలగాన్ని గిట్ల మత్తుల పండబెట్టి ఉంచుత అని ఇయ్యలే."

"బాబు మియా, నీకు దండం పెడుత. చెప్పిన్నంటె ఇగ వాన్ని నా గడప తొక్కనియ్యది."

అప్పుడు ఆయన చాయ గ్లాసు చేతులకు తీసుకున్నడు. "ఇది తాగుడు అయ్యేదాక చూస్త. మీరే పోయి చెప్పుండ్రి. మీరు చెప్తె ఒక తీరుంటది, నేను చెప్తె ఇంకో తీరుంటది."

ఆమె బండి దిక్కు చూసింది. రెండడుగులు ఏసింది. బండ్ల మధులిక "చింటూ, చింటూ" అని పిలుస్తుంది, ఆ గొంతు ఇని మల్ల ఆగింది. నిలబడ్డకాడనే నిలబడ్డది. చాయ వేడిగ ఉంది, బాబు మియా ఊదుకుంట తాగిండు. సగం గ్లాసు కాడ ఇంకోపారి ఆమె మొఖం చూసిండు. ఆమె నేల చూస్తుంది.

సగం చాయ పారబోసి బండి కాడికి నడిచిండు.

"అమ్మా, పిలగాన్ని డాక్టర్ కాడికి తీసుకపోదం. జల్ది. పొద్దుగాల వానికి కక్కుడు మందు పోసింది నేను."

మధులిక తలకాయ ఎత్తింది. "ఏంది?"

"నేనే పోసిన. ఘాట్ ఉన్నది గదా అని. జర ఎక్కువ పడ్డది."

ఆమె చింటూను ఇంక గట్టిగ పట్టుకున్నది. అప్పుడే వచ్చిన అమిత్ ఇన్నడు. "నీకు దిమాగ్ ఉన్నదా? ఎవలను అడిగి పోసినవ్? మా పిలగానికి నువ్వెవలు పోసెతందుకు?" చాచా అనేటోడు నువ్వు అన్నడు. రావు సాబ్ విప్పిన పాన్ పొట్లం ఉన్నది ఉన్నట్టే పట్టుకొని, "నేను అక్కడనే ఉన్న గదా. ఎప్పుడు పోసినవ్ బాబు మియా?" అన్నడు.

"మీరు కండ్లద్దాలు దేవులాడుతుండంగ, సాబ్."

సరళాదేవి ఎనుక సీట్లకు ఎక్కి కూసున్నది.

పిల్లల డాక్టర్ దవాఖాన నాలుగు నిమిషాల దూరం. బాబు మియా ఆ నాలుగు నిమిషాలు గూడ మలుపులు మెల్లగనే తిప్పిండు, అలవాటు. డాక్టర్ ఆడమనిషి, చిన్న వయసే. ఒక్కొక్కటే అడిగింది. ఏ మందు? మియా "మధులికమ్మ కాడున్నదే" అంటె మధులిక తన బ్యాగుల సీస తీసి చూపిచ్చింది. ఎంత? "పెద్ద చెంచ, ఒకటిన్నర" అన్నడు మియా. ఎప్పుడు? "ఏడుకు పది నిమిషాలు తక్కువ." ఏమన్న తిన్నడా? "ఒక ఇడ్లీ." తర్వాత మల్ల పోసిండ్రా?

"లేదు" అన్నది మధులిక. "పోద్దమనుకున్న. రెండుపార్లు సీస తీసిన."

డాక్టర్ చింటూ కండ్లల్ల లైటు కొట్టి చూసింది, గుండె చూసింది, వేలికి మిషిన్ పెట్టింది. "మత్తు వచ్చే మందు ఇది. ఉప్మా చెంచతోని ఒకటిన్నర అంటె వీని వయసుకు చాన ఎక్కువ. ప్రమాదం లేదు గని మూడు నాలుగు గంటలు ఇక్కడనే ఉంచాలె, నేను చూడాలె. దీని మీద ఇంకోపారి పోసి ఉంటె నేను ఇప్పటికే మంచిర్యాలకు పంపుతుంటి." సీస తిప్పి దాని నెత్తి మీది ప్లాస్టిక్ మూత చూపిచ్చింది. "దీన్ల గీతలు ఎందుకున్నయనుకుంటుండ్రు? ఇంట్ల చెంచ ఒక్కొక్క ఇంట్ల ఒక్కొక్క తీరుంటది. అసలు చిన్నపిల్లలకు ఇది షాపుల అడిగి పోసే మందు కాదు. డాక్టర్‌ను అడిగి, ఒక్క మనిషే పొయ్యాలె, పోసినోళ్లు మిగిలినోళ్లకు చెప్పాలె. ఎవరు పోసిండ్రు?"

"నేను" అన్నడు బాబు మియా.

సరళాదేవి నోరు తెరిచింది. అందరు ఆమె దిక్కు చూసిండ్రు. "నీళ్లు ఉన్నయా?" అన్నది.

చింటూ ఒంటి గంట దాటినంక లేచిండు. మొదలు మురుకులు అడిగిండు. తర్వాత, "మియా తాతా, నా స్టీరింగ్ ఏది?" అన్నడు. బాబు మియా బయట మెట్ల మీద కూసున్నడు, ఇని లేచి బండ్లకెల్లి మూత తెచ్చిండు. అమిత్ తలుపుకాడనే ఆపిండు. "ఇగ మీరు పోండ్రి. మేం వేరే బండి మాట్లాడుకున్నం." లోపల చింటూ ఏడుపు ఎత్తుకున్నడు. అమిత్ ఆ మూత మాత్రం తీసుకున్నడు.

నూరు కిలోమీటర్లు బాబు మియా ఒక్కడే బండి తోలుకుంట వచ్చిండు. ఖాళీ బండి మలుపు మీద జర తేలిపోతది, అందుకే ఇంక మెల్లగ తోలిండు.

తర్వాత ఏమైందంటె, మాట ఆయన కంటె ముందే లక్సెట్టిపేటకు చేరింది. చేరేటప్పటికి అది ఇంక పెద్దగైంది. వారం దినాలకు మల్లేష్ అడ్డ మీద అందరి ముందట అడిగిండు. "ఏంది మియా, మత్తు మందు పోసి పండబెడుతవంట గదా? గందుకేనా నీ బండ్ల ఎవ్వలు కక్కకపోవుడు? మేమేమో మూత మహిమ అనుకుంటిమి."

నలుగురు నవ్విండ్రు. మల్లేష్ ఉత్తగనే అన్నడు గని నవ్వినోళ్లల్ల ఒకరిద్దరు నవ్వుడు ఆపి ఆలోచన చేసిండ్రు. ముప్పై రెండేండ్ల ఇడ్లీ ముక్కలు, డిక్కీల పూల దండలు, బొంత మడతలు, మూతలు, అన్ని ఆ ఒక్క సీసల మునిగినయి. పిల్లలున్నోళ్ల ఫోన్లు తక్కువైనయి. ఇప్పుడు ఎక్కువ ముసలోళ్లను దవాఖానలకు తీసుకపోతుండు.

ఇంట్ల ముంతాజ్ ఒక్కదానికే అసలు సంగతి ఎరుక. ముంతాజ్ ఆయన భార్య, మాట దాసుకునే మనిషి కాదు. "క్యా జీ, పిలగాడు గట్ల పడి ఉంటె నువ్వు చాయ తాగుకుంట నిలబడ్డవా?"

"సగమే తాగిన."

"ఆ సగం గూడ ఎందుకు? దవాఖానకు పోయినంక ఆమె చెప్పేది కావచ్చు."

"అక్కడ గూడ చెప్పలే గదా."

"నువ్వు మీదేసుకుంటివి, ఇగ ఆమె ఎందుకు చెప్తది? రేపు మల్ల పోస్తది చూడు. నీ మీద పోయింది గదా అని."

"పొయ్యది. ఆమె చెయ్యి ఎట్ల వణికిందో నేను చూసిన."

"వణుకు ఎన్ని రోజులుంటది జీ?"

బాబు మియా బండి తాళాలు తీసుకొని బయటికి పోయిండు. ఫోన్ల యాస్మీన్ "నిజంగ నువ్వే పోసినవా నాయినా?" అని అడిగింది, యాస్మీన్‌కు గూడ అసలు సంగతి చెప్పలే.

మే నెలల చింటూ సెలవులకు నానమ్మ ఇంటికి వచ్చిండు. మధులికనే దింపిపోయింది. పొద్దుగాల బాబు మియా మసీదు కాడికెల్లి వస్తుంటె రావు సాబ్ ఇంటి అరుగు మీద వాడు కూసొని ఆ మూత తిప్పుతుండు, "ఎడమా, కుడీ" అనుకుంట, ఉన్నకాడనే. మియాను చూసి పీప్ పీప్ అన్నడు. లోపలికెల్లి సరళాదేవి వచ్చింది. చుట్టు చూసి గేటు దాక వచ్చింది.

"మధులికకు చెప్పాలె అనుకుంటున్న బాబు మియా."

"మంచిదమ్మా."

"సెలవులు అయిపోయినంక చెప్త."

 "ఆ పెద్ద చెంచ యాడుంది?" అని అడిగిండు ఆయన. "వంటింట్లనే ఉంది" అన్నది ఆమె. "గులాబి సీస?" "పారేసిన. నీ మీద ఒట్టు." బాబు మియా సలాం చెప్పి అడ్డకు పోయి, బండి అద్దం తుడుసుకుంట నిలబడ్డడు.

సెలవులు అయిపోయి చాన దినాలైంది. చెప్పిందో లేదో లక్సెట్టిపేటల ఇంక ఎవ్వలికి తెల్వది. అమిత్ ఇప్పుడు మల్లేష్ బండి మాట్లాడుకుంటుండు. ఆ బండ్ల కవర్లు ఉంటయి, చింటూ కక్కుతడంట.

ఇగ మీరు చెప్పుండ్రి. ఆసిఫాబాద్ల, ఆ హోటల్ పక్కకు, చేతుల సగం చాయ పట్టుకొని మీరే నిలబడి ఉంటె, అటు పిలగాడు కండ్లు తెరుస్తలేడు, ఇటు ఆమె నోరు తెరుస్తలేదు. మీరైతె ఏం చేస్తుంటిరి?